తిరగరాత కొరవడిన నవల

తెలుగులో మంచి కథ రాయగలిగినవారు చాలామందే ఉన్నారు. వారిలో నవల మొదలుపెట్టినవారూ తక్కువేమీ కాదు. మొదలుపెట్టినదాన్ని పూర్తి చేసి, కొన్ని నెలలు పక్కన పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకుని మొదటి పేజీ నుంచి తిరగరాసినవారు మాత్రం అరుదుగా కనిపిస్తారు. నవలాకారుల ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు ప్రతిభ, జీవితానుభవం, అధ్యయనం అనే మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఆ మూడూ అవసరమే. అయితే అవన్నీ పుష్కలంగా ఉన్నవారు కూడా మొదటి నవలతోనో, సగం రాసిన రెండో నవలతోనో ఎందుకు ఆగిపోతున్నారన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు. రాసినదాన్ని తిరగరాసే అలవాటు రచయితకు పడకపోవడం, తిరగరాయించే వ్యవస్థ చుట్టూ లేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. ఒకప్పుడు పత్రికలు ఎన్నో లోపాలతోనైనా ఆ పనిలో కొంత చేసేవి. అవి వెనకబడ్డాక వాటి స్థానంలోకి మరొకటి రాలేదు.

కథ పరిస్థితి ఇందుకు భిన్నం. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పాత పత్రికల్లో చెల్లాచెదురై ఉన్న కథలను ఒక్కచోటికి చేర్చింది. కథాసాహితి సంస్థ 1990 నుంచి ఏటా వెలువరిస్తూ వచ్చిన సంకలనాల వల్ల, ఒక సంవత్సరంలో అచ్చయిన కథల్లో ఏవి నిలిచాయి, ఎందుకు నిలిచాయి అన్న చర్చకు ఆస్కారం ఏర్పడింది. పది పేజీల కథను ఒక సాయంత్రం పదిమంది కూర్చుని చదివి, ముగింపు ముందే తెలిసిపోతోందని ఒకరు, ఫలానా పాత్ర లేకపోయినా కథ నడుస్తుందని మరొకరు చెప్పగలరు. మూడు వందల పేజీల రాతప్రతికి ఆ సదుపాయం లేదు. శ్రద్ధగా చదవడానికే వారం పడుతుంది; చదివింది గుర్తుంచుకుని, నలభయ్యో పేజీలో చెప్పిన మాటకూ రెండు వందల పదో పేజీలో జరిగిన సంఘటనకూ పొత్తు కుదరలేదని చెప్పడానికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. అందువల్ల కథకులుగా ఏళ్ల తరబడి పదునెక్కినవారు నవలలోకి అడుగుపెట్టగానే ఒంటరివారైపోతారు.

ఆ ఒంటరితనంలో ఎదురయ్యే మొదటి చిక్కు నిడివి అని చాలామంది అనుకుంటారు. పేజీలు పెంచడం నిజానికి పెద్ద కష్టమేమీ కాదు. కథలో ఒక సంఘటన ఒక జీవితాన్ని వెలిగించి ఆగిపోవచ్చు. నవలలో ఒక సంఘటన జరిగినందువల్లే తర్వాతి సంఘటన జరిగిందని పాఠకుడికి అనిపించాలి. కథకులు రాసిన తొలి నవలల్లో తడబాటు తరచుగా ఇక్కడే కనిపిస్తుంది. మొదటి అరవై డెబ్భై పేజీల్లో ఊరు, బాల్యం, తల్లిదండ్రులు, చెరువు, బడి అన్నీ మంచి పట్టుతో వస్తాయి, ఎందుకంటే ఆ భాగం రచయిత మనసులో ఏళ్లుగా నానుతూ వచ్చింది. తర్వాత కథానాయకుడు బస్సెక్కి హైదరాబాద్ వస్తాడు. అక్కడి నుంచి అమీర్‌పేట హాస్టల్, కోచింగు, మొదటి ఉద్యోగం, ఒక ప్రేమ, తండ్రి మరణం వరుసగా వస్తాయి. విడివిడిగా చూస్తే ప్రతి అధ్యాయమూ చదివిస్తుంది. ఒకదాన్ని పూర్తిగా తొలగించి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: తర్వాతి అధ్యాయాల్లో ఒక్క వాక్యమైనా మార్చాల్సిన అవసరం రాకపోతే, అక్కడున్నది నవల అనిపించుకోదు, ఒకే మనిషి మీద రాసిన కథల వరుస మాత్రమే.

ఈ చిక్కును ఎదుర్కొన్న తీరుకు హైదరాబాద్ నేపథ్యం నుంచే ఒక గట్టి ఉదాహరణ ఉంది. రచయిత నవీన్‌కు ఇంటిపేరుగా మారిపోయిన ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్‌లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు ఆ నవలకు హద్దు. పాత్ర మనసులో సాగే ఆలోచనల ప్రవాహాన్నే కథనంగా మలిచే చైతన్య స్రవంతి పద్ధతి గురించి విమర్శకులు చాలా రాశారు గానీ, రాయడం నేర్చుకునేవారికి పనికొచ్చే విషయం మరొకటి ఉంది. ఒక్క రోజు అనే నియమం పెట్టుకున్న మరుక్షణం రచయిత చేయాల్సిన ఎంపికలు సగానికి తగ్గిపోతాయి. పల్లె, పేదరికం, చదువు, కోరిక, అప్పు, భయం అన్నీ ఆ రోజు రవి మనసులోకి రావడానికి ఏదో ఒక కారణం ఉండాలి. ఊరికే గుర్తొచ్చిందంటే కుదరదు. గడియారం నవలను ముందుకు నెడుతుంది, జ్ఞాపకం లోతుకు తీసుకెళుతుంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో వైద్యుడిగా పనిచేసిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఇంకా కఠినమైన హద్దు గీసుకున్నారు. ఒక ముసలివాడు, ఈనిన పంది, అడవి, దాదాపు ఒక రాత్రి. అంతకు మించి ఆ పుస్తకంలో సరంజామా లేదు. ముసలివాడి ప్రతి నిర్ణయమూ అంతకు ముందు తీసుకున్న నిర్ణయంలోంచే పుడుతుంది. చిన్న నవల రాయడం తేలికని అనుకునేవారు ఈ రెండింటినీ కథ కోసం ఒకసారి, కట్టుబడి కోసం మరోసారి చదివితే, హద్దు ఎంత మేలు చేస్తుందో, ఎంత శ్రమ అడుగుతుందో అర్థమవుతుంది.

విస్తారమైన కాలాన్ని పట్టుకోవాలనుకునేవారికి వేరే దారి ఉంది. సికింద్రాబాద్‌లో 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేయడంతో ఆగక వాటిని తానే మోసుకెళ్లి అమ్మిన వట్టికోట ఆళ్వారుస్వామి, నిజాం పాలనలోని తెలంగాణ జీవితాన్ని ఒకే నవలలో కుక్కాలని చూడలేదు. ‘ప్రజల మనిషి’ ఒక దశను తీసుకుంది, ‘గంగు’ తర్వాతి దశను తీసుకుంది. ఆయన 1961లో మరణించడంతో ‘గంగు’ అసంపూర్తిగా మిగిలింది. ఆ తర్వాత దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో ఆ చరిత్రను దశలవారీగా కొనసాగించారు. మూడు తరాల కథను ఒకే పుస్తకంలో చెప్పాలని పూనుకుని, రెండో తరానికే అలసిపోయే కొత్త రచయితలు ఈ విభజనను గమనించాలి. ఒక్కో పుస్తకానికి ఒక్కో కాలం, ఆ కాలానికి ఒక ప్రధానమైన ఘర్షణ అన్న ఏర్పాటు వల్ల రచయితకు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది, పాఠకుడికి ఎక్కడ నిలబడి చూడాలో తెలుస్తుంది.

పత్రికల సంగతికి వస్తే, తెలుగు నవల పుట్టిందే పత్రికలో. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకమైంది. ఆ తర్వాత కాలంలో చాలామంది నవలాకారులకు వారపత్రికే బడి. వారం వారం ఇంత రాయాలన్న గడువు ఉండేది. ఇన్ని పేజీలకు మించకూడదన్న కొలత ఉండేది. నచ్చకపోతే ఉత్తరం రాసే పాఠకురాలు ఉండేది. ఆ ఉత్తరాలు చదివి, ఫలానా పాత్ర మీద జనానికి విసుగొస్తోందని చెప్పే సంపాదకుడు ఉండేవాడు. పారితోషికం కూడా వచ్చేది. 1960ల నుంచి రెండు మూడు దశాబ్దాల పాటు స్త్రీలు అంత పెద్ద సంఖ్యలో నవలలు రాయగలగడానికి, ఇంటి పనుల మధ్య దొరికిన కొద్ది గంటలకు ఈ గడువులు ఒక రూపం ఇవ్వడం కూడా ఒక కారణమని చెప్పవచ్చు. 1978లో మొదలైన ‘చతుర’ నెలకొక పూర్తి నవలను ఒకే సంచికలో ఇచ్చింది. పత్రికలో పట్టేంత నిడివిలో ముగించాలన్న నిబంధన వల్ల బిగువు అలవడింది. ఆ పత్రిక 2021లో ఆగిపోయింది.

ఆ కాలాన్ని తలచుకుని బాధపడేవారు దాని నష్టాన్ని కూడా చూడాలి. ఒక్కో వారం రాసింది వెంటనే అచ్చయిపోయేది కాబట్టి, పదో వారంలో తెలిసొచ్చిన పొరపాటును మూడో వారంలో సరిదిద్దే వీలుండేది కాదు. వారం చివర పాఠకురాలిని ఉత్కంఠలో వదలాలి కనుక తలుపు చప్పుడు, అనుకోని ఉత్తరం, స్పృహ తప్పడం వంటివి క్రమం తప్పకుండా వచ్చేవి. పుస్తకంగా వేసేటప్పుడైనా వాటిని తీసేసి అధ్యాయాలను కొత్తగా కూర్చి ఉంటే బాగుండేది. చాలా పుస్తకాల్లో ఆ పని జరగలేదు. అందుకే ఆనాటి నవలలు ఈనాడు ఏకబిగిన చదువుతుంటే, సమాన దూరంలో వచ్చే ఆ కుదుపులు ఇబ్బంది పెడతాయి. అంటే సీరియల్ మన రచయితలకు ఆపకుండా రాయడం నేర్పింది, వెనక్కి వెళ్లి దిద్దుకోవడం నేర్పలేదు. ఇప్పుడు ఫోన్లలో ‘ప్రతిలిపి’ వంటి వేదికల మీద నడుస్తున్న ధారావాహికలు చదివే అలవాటును మళ్లీ తెచ్చాయి, అది చిన్న విషయం కాదు. కొత్తగా కలం పట్టినవారికి మొదటి వందమంది పాఠకులు అక్కడ దొరుకుతున్నారు. కానీ తర్వాతి భాగం ఎప్పుడని అడిగే పాఠకులు మొదటి భాగం మార్చమని ఎన్నడూ అడగరు. పాత లోపం వేగం పెంచుకుని తిరిగొచ్చింది.

పోటీలు మరో రకం గడువును ఇచ్చాయి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) వంటి ప్రవాస సంస్థల బహుమతుల వల్ల విస్తారమైన నవలలు వెలుగు చూశాయన్నది నిజం. చంద్రలత ‘రేగడివిత్తులు’ 1997లో తానా బహుమతితోనే పాఠకుల దృష్టికి వచ్చింది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి ముందు తానా బహుమతి, ఆ తర్వాత 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించాయి. పెద్ద నవల రాసినా చదివేవారున్నారన్న ధైర్యం ఇలాంటి బహుమతులు ఇచ్చాయి. అయితే పోటీలో న్యాయనిర్ణేతలు వచ్చిన రాతప్రతుల్లో మంచిదాన్ని ఎంచుతారు, దాన్ని ఇంకా మంచిదిగా చేయడం వారి బాధ్యత కాదు. చివరి తేదీ నాటికి ఎలాగో ముగించిన ఆఖరి అధ్యాయాలు, బహుమతి రాగానే అదే రూపంలో అచ్చుకు వెళ్లే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. బహుమతి వచ్చిన రచనను మార్చమని అడగడానికి మిత్రులకు కూడా నోరు రాదు.

అసలు లోటు సంపాదకుల విషయంలో ఉంది. హైదరాబాద్‌లో ఒక నవల పుస్తకంగా మారే క్రమాన్ని దగ్గరగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. రచయిత రాతప్రతిని టైపు చేయిస్తారు లేదా తానే టైపు చేస్తారు. డీటీపీ చేసేవారు పేజీలు కూర్చుతారు. ప్రూఫులు ఒకరు చూస్తారు. వారు అచ్చుతప్పులు, దీర్ఘాలు, ఒత్తులు దిద్దుతారు. ముఖచిత్రం సిద్ధమవుతుంది. ఆవిష్కరణ సభ తేదీ కూడా దాదాపు ఖాయమవుతుంది. అప్పుడు పీడీఎఫ్ తీసి, ఒక సీనియర్ రచయితకు ముందుమాట కోసం పంపుతారు. నవలను మొదటిసారి నిశితంగా చదివే మనిషి ఆయనే. మూడో భాగంలో కథ సాగదీతగా ఉందని, కూతురి పాత్ర మధ్యలో మాయమైందని ఆయన గమనించినా, పేజీలు కూర్చడం ముగిసిన దశలో, వారంలో ముందుమాట ఇవ్వమని అడిగినవారికి ఆ మాట ఎలా చెబుతారు? చెప్పాలనుకున్న విమర్శ ముందుమాట చివరి పేరాలో ‘మరికొంత శ్రద్ధ తీసుకుని ఉంటే’ అనే అరవాక్యంగా మిగిలిపోతుంది. తెలుగు నవలకు అందాల్సిన అత్యంత విలువైన సలహా ఇలా ఏటేటా అచ్చు గడప దగ్గర వృథా అవుతోంది. ఆ ఒక్క చదువు ఆరు నెలలు ముందు జరిగితే, అదే మనిషి, అదే శ్రమ, పుస్తకాన్నే మార్చగలవు.

తిరగరాయడమంటే వాక్యాలకు మెరుగు పెట్టడమని చాలామంది భావిస్తారు. అది ఎంతవరకు వెళ్లాలో ఒక చిన్న సన్నివేశం పట్టుకుని చూడవచ్చు. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన వాచ్‌మన్ బాలయ్య. గుంటూరు వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇక్కడే స్థిరపడిన, ఫ్లాట్ల సంఘం కార్యదర్శి. నీళ్ల మోటారు చెడిపోయింది. మొదటి ప్రతిలో ఆ సన్నివేశం సాధారణంగా ఇలా వస్తుంది:

“మోటారు పాడైపోయింది సార్. మెకానిక్‌ను పిలిపించాలి,” అన్నాడు బాలయ్య వినయంగా. “ముందే ఎందుకు చెప్పలేదు?” అని కార్యదర్శి కోపంగా అరిచాడు. తన తప్పు లేకపోయినా మాట పడాల్సి వచ్చినందుకు బాలయ్య గుండె అవమానంతో రగిలిపోయింది.

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇద్దరూ ఒకే మనిషి రాసిన మాటలు మాట్లాడుతున్నారు, బాలయ్య అనుభవించాల్సిన అవమానాన్ని రచయిత తానే ముందు ప్రకటించేశాడు. రెండో ప్రతిలో రచయిత ఆ ఇద్దరినీ విడివిడిగా వినడం మొదలుపెడతాడు:

“మోటర్ మల్ల ఖరాబైంది సార్. మిస్త్రీకి ఫోన్ చేసిన. పొద్దుగూకినంక వస్తనన్నడు.”

“సాయంత్రం దాకా నీళ్లు లేకపోతే ఎట్టా బాలయ్యా? నిన్నే చెప్పొచ్చుగా.”

“నిన్ననే చెప్పిన సార్. మేడం ఉండె.”

‘మేడం ఉండె’ అన్న రెండు మాటలతో బాలయ్య తన మాట నిలబెట్టుకున్నాడు, ఎవరినీ నిందించలేదు, తగ్గనూ లేదు. అవమానం, కోపం, వినయం అన్న పదాలు ఒక్కటీ అవసరం రాలేదు. చాలామంది ఇక్కడికి వచ్చి తృప్తిపడతారు. మూడో ప్రతి అడిగే ప్రశ్న వేరు. ఆ రెండు మాటలు కార్యదర్శి ఇంట్లో ఏం చేస్తాయి? భర్తకు చెప్పడం మరిచిపోయిన సంగతిని వాచ్‌మన్ బయటపెట్టాడని కార్యదర్శి భార్య ఆ రాత్రి గ్రహిస్తే, నెల తర్వాత బాలయ్య కొడుకు బడి ఫీజు కోసం అప్పు అడిగినప్పుడు ఆమె ఏమంటుంది? వంద పేజీల తర్వాత సంఘం సమావేశంలో వాచ్‌మన్‌ను మార్చాలన్న మాట ఎవరి నోట మొదట వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే మోటారు సన్నివేశం నవలకు అవసరమైనదవుతుంది. దొరకకపోతే, ఎంత చక్కగా రాసినా దాన్ని తీసేయాలి. తనకు బాగా నచ్చిన పేజీని తీసేయగలగడం కొత్త రచయితలకు అన్నింటికన్నా కష్టమైన పని, ఆ కష్టాన్ని ఎంతమాత్రం తక్కువ చేసి చూడకూడదు.

సంభాషణల్లో మాండలికం వాడటం ఇప్పుడు ఎవరూ ప్రశ్నించని విషయం. రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో తెలంగాణ పలుకుబడిని పాత్రల నోట పలికించినప్పుడు అది సాహసమే. నేటి సమస్య మరో రూపంలో ఉంది. హైదరాబాద్ నేపథ్యంగా వస్తున్న రచనల్లో తెలంగాణ పాత్రలన్నీ ఒకే రకంగా మాట్లాడుతున్నాయి. నల్లగొండ పలుకు, ఆదిలాబాద్ పలుకు, పాలమూరు పలుకు ఒకటి కావు. ముప్పై ఏళ్లుగా నగరంలో ఉన్న మనిషి మాటలో వీటన్నిటి కలయికా, దాని మీద ఆఫీసు తెలుగు పూతా ఉంటాయి. అదే మనిషి ఊరి నుంచి అన్న ఫోన్ చేస్తే ఒక రకంగా, బ్యాంకులో మరో రకంగా మాట్లాడతాడు. పాతబస్తీ ముస్లిం పాత్రల విషయంలో నిర్లక్ష్యం ఇంకా ఎక్కువ: తరతరాలుగా ఈ నగరంలోనే ఉన్నవారిని సినిమాల్లో నవ్వు కోసం వాడిన విరిగిన తెలుగుతో మాట్లాడించడం వారిని చూడకుండా రాయడమే అవుతుంది. వారు మాట్లాడే దక్కనీ ఉర్దూ తెలియనప్పుడు ఆ పాత్ర ఏమన్నదో కథనంలో సూటిగా చెప్పేయడం మేలు. ఇక కథనం ఏ భాషలో సాగాలన్నది ఒక నియమంతో తేలేది కాదు. పాత్రలు యాసలో, రచయిత పుస్తకాల తెలుగులో మాట్లాడితే, రచయిత కాస్త ఎత్తున కూర్చుని పాత్రలను చూపిస్తున్నట్టు అనిపించవచ్చు. కథనమంతా యాసలో సాగితే మూడు వందల పేజీల పాటు ఆ గొంతు అలసిపోకుండా నిలవాలి. ఏది ఎంచుకున్నా మొదటి యాభై పేజీల్లోనే తేల్చుకోవాల్సి ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత మార్చడమంటే నవలను మళ్లీ మొదటి నుంచి రాయడమే.

నగర చరిత్ర మీద రాయాలనుకునేవారికి మరో బరువు ఉంది. 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య నేపథ్యంగా నవల రాస్తున్నారనుకుంటే, ఆనాటి దస్తావేజుల్లో ఇంగ్లీషు తేదీలు కాక నిజాం ప్రభుత్వం వాడిన ఫసలీ సంవత్సరాలు, ఆజూర్, దై, బహమన్ వంటి నెలల పేర్లు కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే దాదాపుగా క్రీస్తు శకం వస్తుంది, అంటే 1357 ఫసలీ 1947–48 అవుతుంది. చెలామణిలో ఉన్నది నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కా; బయట చెల్లే బ్రిటిష్ ఇండియా కల్దార్ రూపాయలు ఆరు కావాలంటే హాలీ రూపాయలు ఏడు ఇవ్వాలి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం కూడా నేటికీ ఉంది. సురవరం ప్రతాపరెడ్డి 1926లో ప్రారంభించిన ‘గోలకొండ పత్రిక’ ఆనాటి జనజీవితానికి మంచి ఆధారం. సమాచారం దొరకడం సమస్య కాదు, దొరికిన సమాచారమంతా నవలలో పెట్టాలన్న ఆశ సమస్య. రెండు నాణేల తేడాను ఒక పేరాలో వివరిస్తే పాఠకుడు మరిచిపోతాడు. కూతురి పెళ్లికి బెజవాడలో బట్టలు కొనబోయిన ఒక తండ్రి, ఇంటి దగ్గర లెక్కపెట్టుకున్న డబ్బు అక్కడ మార్చుకునేసరికి తగ్గిపోయి, ఒక చీర తిరిగి ఇచ్చేస్తే, ఆ ఆరు–ఏడు తేడా పాఠకుడికి జీవితాంతం గుర్తుంటుంది. నిన్నమొన్నటి కాలం మీద రాసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది, మెట్రో రైలు 2017లో వచ్చింది. 1995లో జరిగే కథలో మాదాపూర్ ట్రాఫిక్‌లో చిక్కుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కనిపిస్తే, ఆ నగరంలో బతికిన పాఠకుడికి మిగతా పుస్తకం మీద కూడా నమ్మకం పోతుంది.

వేళ దొరకకపోవడం గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. నవీన్ అధ్యాపకుడు, కేశవరెడ్డి వైద్యుడు, రంగాచార్య సికింద్రాబాద్ పురపాలక కార్యాలయంలో ఉద్యోగి, రాచకొండ విశ్వనాథశాస్త్రి న్యాయవాది. తెలుగులో నవల మీద బతికినవారు ఏ కాలంలోనూ కొద్దిమందే. అంత శక్తి గల రాచకొండ చేతిలో కూడా ‘రాజు–మహిషి’, ‘రత్తాలు–రాంబాబు’ పూర్తి కాలేదు. అవి ఆగిపోయినందుకు తెలుగు పాఠకులు పోగొట్టుకున్నది ఎంతో, మిగిలిన పేజీలు చదివినవారికి తెలుసు.

రెండో నవలతో పరీక్ష మారుతుంది. మొదటిదానిలో రచయిత సొంత ఊరు, సొంత కుటుంబం, సొంత గాయం ఖర్చయిపోతాయి. రెండోదానికి ఇతరుల జీవితం కావాలి, అంటే వినడం, తిరగడం, అడగడం, తప్పుగా అర్థం చేసుకున్నానని ఒప్పుకోవడం కావాలి. మొదటి నవలకు వచ్చిన స్పందన ఈ దశలో సాయపడాలి, కానీ మన సమీక్షల్లో ఎక్కువ భాగం కథ చెప్పి, ప్రశంసతో ముగుస్తాయి. ఏ అధ్యాయం దగ్గర చదవడం ఆగింది, ఏ పాత్ర నోట రచయిత మాట వినిపించింది, ఏ ముప్పై పేజీలు లేకపోయినా నష్టం లేదు అని చెప్పే సమీక్ష రచయితకు కొద్ది రోజులు నిద్ర లేకుండా చేయవచ్చు. అయినా రెండో నవలకు పనికొచ్చేది అదే. ఆ పని చేయగల పాఠకులు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ, తిలక్ రోడ్డులోని సారస్వత పరిషత్తులోనూ సాహిత్య సభలకు వచ్చే వారిలో యాభై ఏళ్ల తెలుగు నవలను క్షుణ్ణంగా చదివినవారు ఉంటారు. వారిని అచ్చయిన పుస్తకం గురించి మాట్లాడమనే పిలుస్తున్నారు. అచ్చుకాని ప్రతిని, ముగ్గురు నలుగురికి, చదవడానికి రెండు నెలల గడువు ఇచ్చి, ఒక పూట తలుపులు మూసుకుని కూర్చుని వినడానికి సిద్ధపడిన రచయిత అడిగితే వారు కాదనరు.

ఖర్చు విషయం కూడా దాటవేయడానికి లేదు. ఐదు వందల ప్రతులో, వెయ్యి ప్రతులో వేసి, పంపిణీదారుల కమీషను పోగా మిగిలినదానితో అచ్చు ఖర్చు రాబట్టుకోవాల్సిన చిన్న ప్రచురణకర్త సంపాదకుడికి విడిగా జీతం ఇవ్వలేడు, చాలా సందర్భాల్లో అచ్చు ఖర్చు పెట్టుకునేది రచయితే. కనుక ఈ పనికి డబ్బు రావాల్సింది ఇప్పటికే నవలలకు డబ్బు ఇస్తున్న చోటు నుంచి. పోటీ నిర్వహించే సంస్థలు బహుమతి మొత్తంలో కొంత భాగాన్ని విడిగా ఉంచి, ఎంపికైన రాతప్రతికి ఒక సంపాదకుడిని నియమించి, ఫలితం ప్రకటించిన రోజుకూ పుస్తకం అచ్చయ్యే రోజుకూ మధ్య కనీసం ఆరు నెలలు వదలవచ్చు. ఆ ఆరు నెలల్లో రచయితా సంపాదకుడూ రాతప్రతిని ఎదురెదురుగా పెట్టుకుని, అధ్యాయం తర్వాత అధ్యాయం, ఏది ఉండాలి, ఏది పోవాలి, ఏది ఇంకా రాయాల్సి ఉంది అని తేల్చుకుంటారు. ఒక సంస్థ రెండు మూడు పోటీలకు ఇలా చేసి, మొదటి ప్రతిలోని కొన్ని పేజీలనూ దిద్దిన పేజీలనూ పక్కపక్కన అచ్చువేస్తే, వాటిని చదివే కొత్తవారికి తిరగరాత ఎలా జరుగుతుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.